పని ఉంటుందా, పోతుందా? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కార్మిక కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, కొరాపుట్, గజపతి, గంజాం జిల్లాల్లో మిల్లుల్లో, గనుల్లో, ఆసుపత్రుల్లో, ప్రైవేటు బడుల్లో కాంట్రాక్టు మీద పనిచేసే తెలుగువాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలివి. నేను చాలా ఏళ్లు ఒక ఫ్యాక్టరీ టైం ఆఫీసులో, అంటే హాజరు, గేటు పాసులు చూసే చోట, పనిచేశాను. ఇప్పుడు అడిగినవాళ్లకు పీఎఫ్ ఫారాలు, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కాగితాలు రాసిపెడుతుంటాను. కాగితం పనికని వచ్చిన మనిషి కాసేపటికి ఆ సంగతి వదిలేసి, నిద్ర పట్టడం లేదనో, ఇంట్లో రోజూ గొడవేననో చెప్పడం మొదలుపెడతాడు. అందుకే ఈ రెండింటినీ నేను విడదీయలేదు. నేను వైద్యుణ్ని కాను. జబ్బుల గురించి రాసినదంతా వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నది.

ఉద్యోగం ఇంకా పోలేదు కదా, మరి ఇంత బెంగ ఎందుకు?

పోలేదు కాబట్టే. పని పోయినవాడికి రేపటి గురించి ఏదో ఒక లెక్క ఉంటుంది. ఫలానా చోట అడగాలి, ఫలానా ఖర్చు ఆపాలి అని మనసు ఒక దారిన పడుతుంది. పోతుందో ఉంటుందో తెలియనివాడికి ఆ లెక్క కుదరదు. కూతురి పెళ్లికి మాట ఇవ్వాలా వద్దా, ఇంటికి స్లాబు వేయాలా వద్దా, కొడుకును పార్వతీపురం హాస్టల్లో చేర్చాలా వద్దా అన్నవన్నీ వాయిదా పడుతూ ఉంటాయి. అలా వాయిదాల్లో బతకడమే మనిషిని తినేస్తుంది.

ఇది మన పిరికితనం వల్ల వచ్చేది కాదు. లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులు పదివేల మందికి పైగా 1985లో మొదలైన ఒక పెద్ద ఆరోగ్య పరిశోధనలో పాల్గొన్నారు. వాళ్లలో ఒక విభాగాన్ని ప్రైవేటుకు అమ్మబోతున్నారన్న వార్త వచ్చింది. అప్పటికి ఒక్కరి ఉద్యోగం కూడా పోలేదు. అయినా ఆ విభాగం వాళ్ల ఆరోగ్యం మిగతా విభాగాల వాళ్లకంటే దిగజారడం మొదలైంది. మంచి జీతాలు, పింఛన్లు ఉన్నవాళ్ల సంగతే అలా ఉంటే, నెలనెలా గేటు పాసు కోసం ఎదురుచూసే మనిషికి నిద్ర పట్టకపోవడంలో వింత ఏముంది?

ఇది కాంట్రాక్టు కూలీలకేనా, చదువుకున్నవాళ్లకు ఉండదా?

ప్రైవేటు బడిలో వేసవి రెండు నెలలు జీతం లేని టీచరమ్మకు ఉంటుంది. ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సుకు, బ్యాంకులో డేటా ఎంట్రీ చేసే కుర్రాడికి కూడా ఉంటుంది. చదువుకున్నవాళ్లు దాన్ని పైకి చెప్పుకోరు, అంతే తేడా.

అయితే మా మిల్లుల దగ్గర దాని రూపం వేరు. ఒకే యంత్రం దగ్గర పర్మినెంటు మనిషి, కాంట్రాక్టు మనిషి పక్కపక్కన నిలబడి అదే పని చేస్తారు. జీతంలో తేడా, క్వార్టర్లో తేడా, క్యాంటీన్ కూపన్లో కూడా తేడా. నెలాఖరు రోజున టైం ఆఫీసు కిటికీ ముందు వరుస కడతారు. పాత పాసు లోపలికి ఇస్తారు. లోపల గుమాస్తా జాబితాలో వేలు పెట్టి పేరు వెతుకుతాడు. ఆ వేలు ఆగకుండా కిందికి జారుతున్నంతసేపు బయట మనిషి కిటికీ చువ్వ పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తాడు. పేరు దొరికితే ఇంకో నెల. దొరకకపోతే ‘కాంట్రాక్టరును అడుగు’ అన్న మాట ఒక్కటే. ఆ కిటికీకి లోపలి వైపున నేను కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, ఇరవై ఏళ్లు పనిచేసినవాడు కూడా ఆ వరుసలో అదే భయంతో నిలబడతాడు.

మన తెలుగువాళ్లకు మరో చిక్కు ఉంది. నోటీసులు ఒడియాలోనో ఇంగ్లీషులోనో అంటిస్తారు. ఒడియా గడగడా మాట్లాడే పెద్దవాళ్లలో కూడా చాలామందికి చదవడం రాదు. బోర్డు మీద కొత్త కాగితం కనబడితే చాలు, అందులో ఏముందో తెలిసేలోపు పుకారు కాలనీ అంతా తిరిగి వస్తుంది.

గుండె దడ, కడుపులో మంట, నిద్ర లేదు. పరీక్షలన్నీ చేయించాం, డాక్టరు ఏమీ లేదన్నారు. మరి ఇదేమిటి?

ఏమీ లేదంటే గుండెలో, కడుపులో లోపం లేదని అర్థం. బాధ లేదని కాదు. భయం మనసులో ఉన్నా దాన్ని మోసేది ఒళ్లే. ఎదురుగా అపాయం ఉన్నట్టు గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణం మందగిస్తుంది. నిజమైన అపాయమైతే కాసేపట్లో తీరిపోతుంది, ఒళ్లు కుదుటపడుతుంది. నెలల తరబడి ‘ఏమవుతుందో’ అన్న స్థితిలో ఉంటే మాత్రం ఒళ్లు కుదుటపడే సమయమే దొరకదు. మెడ నొప్పి, తలనొప్పి, ఆకలి పోవడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే కోపం, చేస్తున్న పని మధ్యలో మరిచిపోవడం, అన్నీ దీని వెంట రావచ్చు.

అలాగని ప్రతి దడనూ మనసు మీదికి నెట్టకూడదు. ఛాతీలో నొప్పి వస్తే ముందు ఈసీజీ తీయించాలి. బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోవాలి. అవన్నీ బాగున్నా రెండు వారాలకు పైగా రోజూ మనసు కుంగిపోయి ఉంటే, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కాకపోతే, అది కుంగుబాటు కావచ్చు. అది వైద్యం ఉన్న జబ్బు. పనిచేసే వయసువాళ్లలో 15 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని 2019 లెక్కల ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మీ షిఫ్టులో నలభై మంది ఉంటే అందులో మీరు ఒక్కరే కారని అర్థం.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మందుల షాపులో అడిగి నిద్ర మాత్రలు తెచ్చుకోకండి. వాటిలో కొన్ని త్వరగా అలవాటవుతాయి. అవి వేసుకుని యంత్రం దగ్గర నిలబడటం, రాత్రి షిఫ్టు ముగించుకుని బండి నడపడం ప్రాణం మీదికి తెస్తుంది.

మా ఆయన ఇంట్లో మాట్లాడటం మానేశారు. అడిగితే కసురుకుంటున్నారు. ఏం చేయాలి?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగేది ఆడవాళ్లు, అడిగేది ఇదే.

ఒక ఇంటి సంగతి చెబుతాను. మనిషి రోజూ బి షిఫ్టు వేళకు క్యారేజీ పట్టుకుని బయలుదేరేవాడు, రాత్రికి ఖాళీ క్యారేజీతో తిరిగి వచ్చేవాడు. పాసు రద్దయి అప్పటికి చాలా రోజులైంది. మధ్యాహ్నమంతా రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుని, అక్కడే తిని, గిన్నెలు కుళాయి దగ్గర కడుక్కుని వచ్చేవాడట. ఫ్యాక్టరీ క్యాంటీన్లో గిన్నెలు కడిగే అలవాటు ఎవరికీ ఉండదు. కడిగిన గిన్నె చూసే ఆవిడకు అనుమానం వచ్చింది. నిజం బయటపడ్డాక ఆవిడ ఏడ్చింది పని పోయినందుకు కాదు. ‘నాకు చెప్పలేనంత పరాయిదాన్నయ్యానా’ అని.

మగవాడికి సంపాదనే మర్యాద అని మనమే నేర్పాం. అది పోతుందన్న భయాన్ని భార్య ముందు ఒప్పుకోవడం కంటే కోపంగా మాట్లాడటం అతనికి తేలిక. ఇంట్లోవాళ్లకు మాత్రం కనబడేది కోపం ఒక్కటే. ‘మా మీద ఇష్టం పోయింది’ అనుకుంటారు. ఆవిడ దూరం జరుగుతుంది. ఆయన ఇంకా మూగబోతాడు.

అడగడానికి వేళ చూసుకోండి. షిఫ్టు నుంచి వచ్చిన వెంటనే వద్దు, పిల్లల ముందు అసలే వద్దు. ‘పాసు రెన్యూ అయిందా’ అని రోజూ అడిగితే ఆ ప్రశ్న ఆయన చెవికి నిందలా తగులుతుంది. దానికి బదులు, ‘వచ్చే నెల జీతం రాకపోతే మనకు ఎన్ని నెలలు గడుస్తుందో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం’ అనండి. బియ్యం, అద్దె, ఫీజు, చీటీ, వాయిదాలు ఒక కాగితం మీద రాయండి. పుట్టింటి నుంచి, అత్తింటి నుంచి ఎంత సాయం అందవచ్చో కూడా రాయండి. బొబ్బిలిలోనో పాలకొండలోనో ఉన్న అన్నయ్యకు చెప్పుకోవడం నామోషీ కాదు. రాసుకున్నాక భయం పోదు. కానీ దానికి ఒక హద్దు ఏర్పడుతుంది. రెండు నెలలు గడుస్తుందని తేలిన ఇంట్లో ఆ రాత్రి కొంచెమైనా నిద్ర పడుతుంది.

చేయి చేసుకుంటే మాత్రం ఈ ఓపిక మాటలేవీ వర్తించవు. పని ఒత్తిడి దెబ్బకు సాకు కాదు. 181కి ఫోను చేయండి, అది మహిళల సహాయ నంబరు. తక్షణ అపాయమైతే 112.

పిల్లలకు తెలియకుండా ఉంచడం మంచిదేనా?

పిల్లలకు తెలియకుండా ఏ ఇంట్లోనూ ఏదీ ఆగదు. పాల ప్యాకెట్లు రెండు నుంచి ఒకటయ్యాయంటే ఏడేళ్ల పిల్లకు అర్థమవుతుంది. కారణం తెలియనప్పుడు తప్పు తమదే అనుకుంటారు. ‘నేను మార్కులు తక్కువ తెచ్చుకున్నందుకే నాన్న మాట్లాడటం లేదు’ అనుకునే పిల్లలు ఉంటారు. ‘నాన్న పని గురించి ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉంది, పెద్దవాళ్లం చూసుకుంటున్నాం, నీ చదువు ఆగదు’ అని చెబితే చాలు. చదువు ఆగదన్న మాట నిలబెట్టుకోగలిగితేనే ఇవ్వండి. తెలుగు మాధ్యమం కోసం సరిహద్దు దాటి చదువుతున్న పిల్లల విషయంలో సంవత్సరం మధ్యలో బడి మాన్పించడం పెద్ద దెబ్బ. ఖర్చు తగ్గించాలంటే దాన్ని అన్నిటికంటే చివర్లో ముట్టుకోండి.

ఆడవాళ్ల ఉద్యోగం గురించి ఎవరూ అడగరేం?

‘ఆయన సంపాదన ఉందిగా’ అనుకుంటారు కాబట్టి. ఆయన పాసు కిటికీ దగ్గర ఊగిసలాడుతున్నప్పుడు ఇల్లు గడిపేది చాలాసార్లు ఆవిడ జీతమే. ఆ జీతానికీ భరోసా లేదు. గర్భం వస్తే మానేయమంటారన్న భయంతో అయిదో నెల దాకా దాచిపెట్టిన నర్సులు ఉన్నారు. ఈఎస్ఐలో ఉంటే, తగినన్ని రోజుల చందా కట్టి ఉంటే, 26 వారాల వరకు ప్రసూతి సెలవుకు జీతం వస్తుంది. ఇంటి పని, వంట, అత్తగారి మందులు అలాగే ఉంటాయి కనుక ఆవిడకు కుంగిపోవడానికి కూడా తీరిక దొరకదు. ఇంట్లో మిగతావాళ్లు ఇది గమనించాలి. మగవాళ్లకే చెబుతున్నాను.

సాయంత్రమయ్యేసరికి మందు కావాలనిపిస్తోంది. అది లేకపోతే నిద్ర రాదు.

మద్యం నిద్ర పుట్టిస్తుంది కానీ నిద్రను నిలబెట్టదు. తెల్లవారుజామున లేపేస్తుంది, మరుసటి రోజు ఆందోళన పెంచుతుంది. దాన్ని తగ్గించుకోవడానికి మళ్లీ సాయంత్రం అదే. ఇప్పసారా అయినా సీసా మందు అయినా తేడా లేదు. గేటు దగ్గర వాసన పట్టుబడితే తీసేయడానికి కాంట్రాక్టరుకు ఇంకే కారణమూ అక్కరలేదు. చాలా ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ రావచ్చు. అందుకని వైద్యుల పర్యవేక్షణలో మానాలి. 14446 అన్నది వ్యసన విముక్తికి ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ నంబరు.

గ్రూపు లోను వాళ్లు ఇంటి ముందు కూర్చుంటున్నారు. పరువు పోతోంది.

2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మ రుణాలకు, అంటే ఇలాంటి గ్రూపు లోన్లకు, నిబంధనలు పెట్టింది. అన్ని వాయిదాలూ కలిపి కుటుంబ నెల ఆదాయంలో సగానికి మించకూడదు. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తరువాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదు. బెదిరించడం, తిట్టడం, బంధువులను, తోటి పనివాళ్లను వేధించడం నిషేధం. ఈ మాట వసూలుకు వచ్చిన మనిషికి శాంతంగా, పదిమంది ముందు చెప్పండి. పని పోయే సూచన కనిపించగానే, వాయిదా తప్పకముందే శాఖకు వెళ్లి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. తప్పాక అడిగితే వినిపించుకోరు. ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు మాత్రం తేవద్దు. నేను చూసినంతలో ఇళ్లు కూలింది పని పోయినందుకంటే ఎక్కువగా ఈ మూడో అప్పు, నాలుగో అప్పు వల్లే.

సూరత్‌కో విశాఖకో వెళ్లిపోతే ఈ బాధ తీరుతుందా?

గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. కొందరికి బాగుపడింది. కానీ అక్కడి పనికీ భరోసా లేదు, పైగా పక్కన మనవాళ్లు ఉండరు. వెళ్లాలనుకుంటే ఆ పని చేస్తున్న మనిషితో నేరుగా మాట్లాడి వెళ్లండి, మేస్త్రి మాట ఒక్కటి నమ్మి వద్దు. ఇల్లంతా ఎత్తుకుని ఒకేసారి కదలడం కంటే ముందు ఒకరు వెళ్లి చూడటం మేలు.

నిజంగానే తీసేశారు. ముందుగా ఏం చూసుకోవాలి?

కాగితాలు. ఏడవడం తరువాత చూసుకోవచ్చు, కాగితాలు మాత్రం ఆ వారంలోనే.

హాజరు కార్డు, జీతం చీటీలు, పాత గేటు పాసులు పారేయకండి. పని చేశారనడానికి అవే సాక్ష్యం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల (లేబర్ కోడ్‌ల) ప్రకారం పనివాళ్లందరికీ నియామక పత్రం ఇవ్వాలి, తీసేసిన రెండు పని దినాల్లో జీతం బకాయి చెల్లించాలి. ఏడాది పాటు తెగకుండా పనిచేసిన కార్మికుణ్ని పని తగ్గిందని తీసేస్తే నెల రోజుల నోటీసు, నిండిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల జీతం పరిహారం ఇవ్వాలి. కాంట్రాక్టర్లు మధ్యమధ్య పని ఆగినట్టు ‘బ్రేకు’ చూపించేది ఈ ఏడాది నిండకుండా ఉండటానికే. అందుకే హాజరు కాగితాలు ముఖ్యమంటున్నాను. కాంట్రాక్టరు జీతం ఎగ్గొట్టి పోతే చెల్లించే బాధ్యత అసలు యాజమాన్యం మీద పడుతుంది.

పీఎఫ్ నంబరుకు జత చేసిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే ఖాతాలో ఎంత ఉందో సందేశం వస్తుంది. జీతంలో కోసిన డబ్బు జమ కాలేదని తేలితే వెంటనే ఫిర్యాదు చేయండి, ఇంకా పనిలో ఉన్నవాళ్లైతే పనిలో ఉండగానే. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐలో ఉన్నవాళ్లు, పని పోతే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన గురించి బ్రాంచి ఆఫీసులో అడగండి. అర్హత ఉంటే రోజు సంపాదనలో సగం చొప్పున 90 రోజుల వరకు వస్తుంది. ఆ పథకం గడువును ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు కనుక ఆలస్యం చేయకుండా దరఖాస్తు పెట్టాలి.

వకీలుకు డబ్బు లేదని ఊరుకోకండి. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టులోని న్యాయ సేవల సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి.

పని పోయాక రోజంతా ఖాళీ. అదే పిచ్చెక్కిస్తోంది.

ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊరు ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడ్డాక మేరీ యహోదా అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఆ ఊళ్లో ఉండి అంతా గమనించారు. కావలసినంత తీరిక ఉన్నా జనం గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది. మగవాళ్ల నడక కూడా నెమ్మదించింది. జీతంతో పాటు పని మనిషికి ఇంకా ఇచ్చేవి ఉన్నాయని యహోదా తరువాత రాసింది. రోజుకు ఒక వరుస, పదిమందితో కలయిక, నలుగురితో కలిసి చేసిన పని, సమాజంలో ఒక స్థానం.

కాబట్టి జీతం లేని రోజుల్లో కూడా ఆ వరుస పోనివ్వకండి. షిఫ్టు వేళకే లేవండి. పిల్లల్ని బడికి దింపడం, ఇంటి పనిలో ఒక భాగం మీదిగా తీసుకోండి. పాత షిఫ్టు మిత్రులను తప్పించుకు తిరగకండి. కొత్త పని కబురు సాధారణంగా వాళ్ల నోటి నుంచే వస్తుంది.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే ఊళ్లో పిచ్చివాడంటారు. గేటు దగ్గర తెలిస్తే ఉన్న పనీ పోతుంది.

ఆ భయం నాకు అర్థమవుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ జబ్బు వివరాలు వైద్యులు బయటపెట్టకూడదు. ముందు ఫోనుతో మొదలుపెట్టండి. మానసిక బాధలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం. ఏ భాషలో మాట్లాడతారో ఎంచుకోమంటుంది, తెలుగు ఉంది. ఒడిశాలో ఉన్నా తెలుగులోనే మాట్లాడవచ్చు. మనసులో మాట పరాయి భాషలో సగమే బయటికి వస్తుంది కనుక ఇది మనకు పెద్ద మేలు.

నేరుగా చూపించుకోవాలంటే బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్‌లోని వైద్య కళాశాల ఆసుపత్రులు ఉన్నాయి. రాయగడ వైపు వాళ్లు చాలామంది రైలెక్కి విశాఖలోని చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్తారు, భాష కలుస్తుందని. ఈఎస్ఐ కార్డు ఉంటే దాని ద్వారా మానసిక వైద్యం కూడా అందుతుంది. కుంగుబాటు మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడు రోజులు వేసుకుని గుణం లేదని మానేయకండి, తగ్గిందని మీ అంతట మీరే ఆపేయకండి. మజ్జిగౌరమ్మకు మొక్కుకోండి, మాత్ర కూడా వేసుకోండి.

చచ్చిపోవాలనిపిస్తోంది.

ఇప్పుడే, ఈ పేజీ చదవడం ఆపి, పక్కనున్న మనిషికి ఈ మాటే చెప్పండి. ఎవరూ లేకపోతే 14416 లేదా 112కు ఫోను చేయండి. ఒంటరిగా ఉండకండి. ఆ కోరిక ఒక్కో గడియలో భరించలేనంత పెరుగుతుంది, తరువాత తగ్గుతుంది. ఆ గడియ దాటించడానికి ఒక మనిషి కావాలి.

ఇంట్లో ఎవరైనా ఇలా అంటే బెదిరింపు అనుకోవద్దు. ‘చచ్చిపోవాలని ఉందా’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. పురుగుమందు డబ్బాలు, మాత్రలు ఇంట్లోంచి తీసేయండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలని, శిక్షించకూడదని 2017 చట్టం చెబుతోంది. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆపవద్దు.

నేను సూపర్‌వైజరును. నా చేతిలో ఏముంది?

చాలా ఉంది. జాబితా మీకు ముందే తెలుస్తుంది. దాన్ని నెలాఖరు సాయంత్రం దాకా జేబులో పెట్టుకోకండి. పేరు లేనివాడికి పదిరోజుల ముందు చెబితే అతను ఇంకో గేటు దగ్గర అడుగుతాడు, ఫీజు గురించి బడిలో మాట్లాడుకుంటాడు. పేరు ఉన్నవాడికి ముందే చెబితే ఆ పదిరోజులు యంత్రం మీద ధ్యాస ఉంటుంది, ప్రమాదాలు తగ్గుతాయి. తెలియకపోతే తెలియదనే చెప్పండి, ‘చూద్దాంలే’ అనకండి. పదిమందిలో పేర్లు చదవకండి, పక్కకు పిలిచి చెప్పండి. కొత్త నోటీసు అంటించిన రోజున షిఫ్టు మొదలయ్యేముందు దాన్ని తెలుగులో, ఒడియాలో చదివి వినిపించండి. దానికి యాజమాన్యం అనుమతి కూడా అక్కరలేదు.